ఇంటిచదువు – కళాశాల గడప



విద్య బడిలోనే పుట్టినది కాదు. తండ్రి చెంత నమరము వల్లించి, తల్లి వంటపని నడుమ జెప్పిన శతకపద్యములు కంఠస్థము చేసి, పండితుల యెదుట నిలిచి సమాధానము చెప్పగల యాడుబిడ్డలు మన తెలుగిండ్లలో ప్రతి తరమునను గలరు. నేడును బిడ్డల నింటనే చదివించు తల్లిదండ్రులు మన నడుమ నున్నారు. కొందఱికి శాస్త్రవిద్యయం దభిమానము కారణము. కొందఱికి తఱచు బదిలీలగు నుద్యోగము కారణము. బిడ్డ యారోగ్యము చాలక కొందఱు, పోటీచదువులు లేతమనస్సులను నలిపివేయునను వెఱపుచే మఱికొందఱు ఇంటిచదువునే నమ్ముకొనుచున్నారు. కారణమేదైనను వారందఱి కొకనాడు రెండు ప్రశ్నలు తప్పవు. ఈ బిడ్డ కళాశాలలో జేరుట యెట్లు? చేరినచో విద్యార్థివేతనము లభించునా? ఈ ప్రశ్నలు బిడ్డ పదునేడవయేట దోచినచో నాలస్యమైనట్లే. పదుమూడవయేటనే తల్లికి దోచవలయును. ఈ వ్యాసమున నేను ముఖ్యముగా జెప్పదలచినది యీ యొక్క మాటయే.

చదువు వేఱు, చదివితినని చూపు పత్రము వేఱు. మొదటిది బిడ్డ మనస్సులో నుండును. రెండవది పెట్టెలో నుండును. కళాశాల కచేరీలోని గుమాస్తా పెట్టెలోనిదే యడుగును గాని మనస్సులోనిది యడుగడు. నే నెఱిగిన యొక కుటుంబమున నిట్లే జరిగినది. తాతగారి యొద్ద రఘువంశమున నైదు సర్గలు చదివి, లెక్కలలో అన్నగారికే తప్పులు దిద్దగలిగిన బాలిక పదునేడేండ్ల ప్రాయమున కళాశాలకు బోవ గోరినది. అచ్చట నడిగినది పదవతరగతి మార్కుల పట్టిక, ఇంటర్మీడియేటు పట్టిక, బడి విడిచిన పత్రము. మూడింటిలో నొకటియు లేదు. ఆ పిల్ల కన్నీ రొత్తుకొనుచు నింటికి వచ్చినది. పిమ్మట పరీక్షలన్నియు గట్టి కళాశాల చేరుసరికి మూడేండ్లు గడచినవి. చదువు లేక కాదు, పేరు వేళకు నమోదు కాక యా మూడేండ్లు పోయినవి. ఆడుపిల్ల బ్రతుకున నా వయస్సులో మూడేండ్లన నెంతటివో మనకు వేఱుగ జెప్పనక్కఱలేదు. పెండ్లిమాటలు సరిగా నప్పుడే యింట మొదలగును.

మన పూర్వికురాండ్ర చరిత్రలోను నీ రెండు తెఱగులు గానవచ్చును. బండారు అచ్చమాంబగారు (1874–1905) ఏ బడికిని బోలేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా నాయనతో గూడ నామెయు నింటనే విద్య నేర్చెను. అబలా సచ్చరిత్ర రత్నమాల వంటి గ్రంథమును రచించెను. అంతటి విదుషీమణికి పరీక్షయు లేదు, పట్టమును లేదు. ఆనాడు కావలసివచ్చినదియు గాదు. తరువాతి తరమువారైన దుర్గాబాయమ్మగారి కథ వేఱు. 1909 లో రాజమహేంద్రవరమున జన్మించి, ఎనిమిదేండ్లకే పెండ్లియై, స్వాతంత్ర్యోద్యమమున జెఱసాలకు బోయివచ్చిన యా తల్లి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమువారి మెట్రిక్యులేషను పరీక్షకు ప్రయివేటుగా గూర్చుండి గెలిచెను. ఆపై ఆంధ్ర విశ్వకళాపరిషత్తున రాజనీతిశాస్త్రము చదివి, 1942 లో మదరాసున న్యాయశాస్త్ర పట్టము నందెను. తాను నడచిన దారిని దనతోనే యుంచుకొనలేదు. మదరాసు మైలాపూరున బాలికలను జేరదీసి యా కాశీ పరీక్షకే చదివించెను. 1937 లో వెలసిన ఆంధ్ర మహిళాసభ కది బీజము. బడికి బోలేని స్త్రీకి పరీక్ష యను తలుపు తెఱచియున్నచో కళాశాల దూరము కాదని యామె లోకమునకు జూపెను. పిమ్మట కేంద్ర సాంఘిక సంక్షేమసంఘమున కధ్యక్షురాలై, 1958 లో వయోజన స్త్రీలకై సంక్షిప్త విద్యాక్రమమును నడిపించినదియు నామెయే.

ఆ కాశీ తలుపునకు బదులు నేడు మన కేమి గలదు? జాతీయ సార్వత్రిక విద్యాపీఠము గలదు. దీనిని ఎన్.ఐ.ఓ.ఎస్. అని వాడుదురు. 1979 లో కేంద్ర మాధ్యమిక విద్యామండలి క్రింద నొక చిన్న ప్రయత్నముగా నారంభమై, 1989 లో ప్రత్యేకసంస్థగా వెలసి, 2002 లో నేటి పేరు దాల్చినది. ఇది పదవతరగతికిని, పండ్రెండవతరగతికిని పరీక్షలు జరిపి పత్రము లిచ్చు జాతీయ మండలి. పదవతరగతికి సమానమైన సెకండరీ పరీక్షకు జేర బదునాలుగేండ్లు నిండవలయును. అంతకుముందు బడిలో జదివినట్లు పత్రము లేకున్నను, ఆ చదువు చదువగల శక్తి బిడ్డకు గలదని తామే వ్రాసియిచ్చిన చాలును. జనన ధ్రువపత్రము మాత్రము తప్పక కావలయును. ఒక భాషతో గూడ నైదు విషయములలో నుత్తీర్ణురాలు కావలయును. ఒక్కమాటే యన్నియు వ్రాయనక్కఱలేదు. పేరు నమోదైన నాటినుండి యైదేండ్లలో దొమ్మిది పర్యాయములు వ్రాయు నవకాశము గలదు. పరీక్షలు వసంతకాలమున నొకమాఱు, శరత్కాలమున నొకమాఱు జరుగును. బాలికలకు రుసుము కొంత తక్కువ. సెకండరీ స్థాయిలో తెలుగు మాధ్యమమును గలదు. మన రెండు తెలుగు రాష్ట్రములకును వేర్వేఱుగా సార్వత్రిక విద్యాపీఠము లున్నవి. అవియు పదవతరగతి, ఇంటర్మీడియేటు పరీక్షలు జరుపుచున్నవి. ఊరు విడువకుండ చదువ దలచినవారి కవియు ననుకూలములు.

ఇంట సంస్కృతము చదివిన బిడ్డలకు సంతోషము గలిగించు విషయ మొకటి చెప్పెదను. జాతీయ సార్వత్రిక విద్యాపీఠమువారు వేదాధ్యయనము, సంస్కృతవ్యాకరణము, సంస్కృతసాహిత్యము, భారతీయదర్శనము అనువానిని పరీక్షావిషయములుగా నుంచినారు. తాతగారి యొద్ద నేర్చిన విద్యయే మార్కుల పట్టిక కెక్కునట్లయినది. ఇంత మంచిమాటకు తోడుగా నొక హెచ్చరికయు నవసరము. బిడ్డ పై చదువు వైద్యమా, యంత్రశాస్త్రమా, భాషయా అని ముందుగా దలచి విషయముల నెన్నుకొనవలయును. వైద్యమునకు భౌతిక, రసాయన, జీవశాస్త్రములును, ఆంగ్లమును పండ్రెండవతరగతిలో నుండి తీరవలయును. యంత్రశాస్త్రమునకు భౌతికశాస్త్రము, గణితము లేనిదే గడప దాటనీయరు. ఐఐటీల కొఱకు జేయి సాచు విద్యార్థి సార్వత్రిక విద్యాపీఠమున దక్కువగా నైదు విషయములలో దేఱియుండవలయును. సంస్కృతమునే పై చదువుగా నెన్నుకొనువారికి తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయము గలదు. 2020 లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన యా పీఠమున పదవతరగతి పిమ్మట ప్రాక్శాస్త్రి, ఆపై శాస్త్రి, ఆచార్య అను సోపానము లున్నవి.

కాలముం గూర్చి యింకొక లెక్క. సెకండరీ గెలిచిన పిమ్మట పండ్రెండవతరగతి పత్రమునకు రెండేండ్ల యెడము ఉండవలయునని నియమము. బిడ్డ యెంత తెలివిగలదైనను ఈ రెండేండ్లు తగ్గవు. కావున పదునాలుగేండ్లు నిండగానే పేరు నమోదు చేసినచో పదునేడు, పదునెనిమిదేండ్లకు కళాశాల సిద్ధము. పదునేడేండ్లకు మేల్కొన్నచో ఇరువదియేండ్ల మాట. నేను పదుమూడవయేడని మొదట జెప్పినది యిందులకే. ఆ యేటనే జనన ధ్రువపత్రము సరిచూడవలయును. అందు బిడ్డ పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు ఆధారు కార్డులో నున్నట్లే యక్షరము తప్పక యున్నవా యని చూడవలయును. ఒక్క యక్షరము తేడాయైనను, తరువాత పట్టము వఱకు నది వెంటాడును.

పరీక్షలకు గూర్చుండకయే పెద్ద కళాశాలలు చేరిన మేధావులు లేరా యని కొంద ఱడుగుదురు. ఉన్నారు. 2016 లో ముంబాయి బాలిక యొకతె పదవతరగతి పత్రము లేకయే అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జేరినదని పత్రిక లన్నియు వ్రాసినవి. ఏడవతరగతి పిమ్మట బడి మాని యింట చదివిన యా బాలిక అంతర్జాతీయ గణనశాస్త్ర ఒలింపియాడులో రెండు రజతపతకములు, ఒక కాంస్యపతకము గెలుచుకొన్నది. మన దేశమున చెన్నై గణితశాస్త్ర సంస్థ యామె ప్రతిభను గుర్తించి యాదరించినది. ఐఐటీలకు మాత్రము పండ్రెండవతరగతి పత్రము లేనిదే ప్రవేశము లేకపోయెను. ఆ బాలికను జూచి మన మానందింపవలయును గాని, ఆ దారిని మన బిడ్డకు విధింపరాదు. అంతర్జాతీయ పతకములు మూడు గెలుచుట కన్న నైదు విషయముల పరీక్ష గెలుచుట సులభముగదా!

సార్వత్రిక విద్యాపీఠపు పత్రము తక్కువది యేమోయను సందేహమును గొందఱికి గలదు. ఒకప్పుడు వైద్యవిద్య కది చాలదను నియమ ముండెడిది. 2018 లో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధమును గొట్టివైచినది. 2024 లో సర్వోన్నత న్యాయస్థానము నెదుటను గుర్తింపుగల సార్వత్రిక పాఠశాలలలో దేఱినవారు నీట్ పరీక్షకు గూర్చుండవచ్చునని తేలినది. 2022 లో నారంభమైన కేంద్రీయ విశ్వవిద్యాలయముల ఉమ్మడి ప్రవేశపరీక్షలో బిడ్డ యే బడిలో జదివెనను దాని కన్న, పరీక్షలో నేమి వ్రాసెనను దానికే విలువ యెక్కువ. ఇంటిచదువు బిడ్డల కిది మేలు చేయు మార్పు.

మన తెలుగునాట మఱియొక చిక్కు గలదు. అది స్థానికత. 1974 నాటి రాష్ట్రపతి యుత్తర్వు ననుసరించి, అర్హతపరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు ఒక ప్రాంతమున జదివినవా రా ప్రాంతపు స్థానికులు. బడిలో జదువనివారి మాటయు నా యుత్తర్వులోనే గలదు. వారు పరీక్షకు ముందు నాలుగేండ్లు ఆ ప్రాంతమున నివసించినట్లు ధ్రువపఱచవలయును. బడివారి బోనఫైడు పత్రము మన బిడ్డకు లేదు గనుక నివాస ధ్రువపత్రమే దిక్కు. తహసీల్దారు కార్యాలయమునుండి దానిని ముందే తెప్పించుకొనుట మేలు. వైద్యకళాశాలలకు ఈ విషయమున బ్రత్యేక నిబంధనము లుండును గావున, ఆ యేటి ప్రకటనను స్వయముగా జదువుకొనవలయును. పొరుగువారి మాటపై నాధారపడరాదు.

ఇక విద్యార్థివేతనములు. ఇచ్చట తల్లి కఠినసత్యము నొకదానిని వినవలయును. ఇంటిచదువువలన గొన్ని వేతనములు చేయిజారును. ఎనిమిదవతరగతిలో పరీక్ష పెట్టి, తొమ్మిదినుండి పండ్రెండువఱకు ఏటికి 12,000 రూపాయలిచ్చు జాతీయ ఉపకారవేతనము (ఎన్.ఎం.ఎం.ఎస్. అని వ్యవహారము) సర్కారు, స్థానికసంస్థల, ఎయిడెడు బడులలోని పిల్లలకే. నాలుగేండ్లకు 48,000 రూపాయలు. బీదకుటుంబమున కిది చిన్న మొత్తము కాదు. బడి మాన్పింప దలచునప్పు డీ లెక్కయు మనస్సున నుంచుకొనవలయును.

పదవతరగతి దాటిన పిమ్మట తలుపులు తెఱచుకొనును. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతుల బిడ్డలకు పోస్టుమెట్రిక్ వేతనములు గలవు. వీనికి కుల, ఆదాయ ధ్రువపత్రములు ముఖ్యములు. కళాశాల చేరినవారికి కేంద్రప్రభుత్వమువారి వేతన మొకటి గలదు. పండ్రెండవతరగతిలో దమ మండలియందు దేఱిన ప్రతి నూర్గురిలో మొదటి యిరువదిమందిలో నుండి, కుటుంబాదాయము ఏటికి నాలుగున్నర లక్షలు మించనివారికి, పట్టపు చదువున నేటికి 12,000 రూపాయలు, పై పట్టమున 20,000 రూపాయలు నిత్తురు. ఏటేట నీయబడు 82,000 వేతనములలో సగము బాలికలవి. అయితే కళాశాలకు దినదినము పోయి చదువు క్రమమున నుండవలయును. ఇంటనుండి తపాలాద్వారా చదువు పట్టమునకు వర్తింపదు. ఇంటిచదువు ముగిసినచోటనే యీ వేతనము మొదలగునని గ్రహించునది.

యంత్రశాస్త్రము, సాంకేతికవిద్య చదువు బాలికలకు అఖిలభారత సాంకేతిక విద్యామండలివారి ప్రగతి వేతనము గలదు. ఏటికి 50,000 రూపాయలు. ఇంటి కిద్దఱు బాలికలవఱకు నిత్తురు. కుటుంబాదాయము ఎనిమిది లక్షలు మించరాదు. బిడ్డ పదవతరగతి పిమ్మట డిప్లొమాలో జేరినను, ఇంటర్మీడియేటు పిమ్మట పట్టమున జేరినను దీనికి దరఖాస్తు పెట్టవచ్చును. ఈ కేంద్రవేతనములకు దరఖాస్తులు జాతీయ స్కాలర్షిప్పు పోర్టలుద్వారా నడచుచున్నవి. బిడ్డ పేరిటనే బ్యాంకిలో ఖాతా తెఱచి, ఆధారుతో జోడించి యుంచవలయును. తండ్రి ఖాతా పనికిరాదు. గడువు తేదీ దాటినచో మార్కు లెన్నియున్నను ఫలము సున్న.

హిందీ ప్రచారసభవారి పరీక్షలు మన యాడువారికి సుపరిచితములు. 1918 లో గాంధీమహాత్ముడు నెలకొల్పిన దక్షిణభారత హిందీ ప్రచారసభ పరీక్షలను వంటయింటినుండియే వ్రాసి గెలిచిన గృహిణులు మన వీథివీథికి గలరు. వానిని నేను మెచ్చుకొందును. కాని విశారద, ప్రవీణ మొదలగునవి ఆ భాషలోని యోగ్యతను మాత్రమే తెల్పును. అవి సంపూర్ణమైన ఇంటర్మీడియేటుకు గాని పట్టమునకు గాని బదులు కావు. ఇట్టి పత్రములను నమ్మి కళాశాల తలుపు తట్టి నిరాశపడిన బిడ్డలు గలరు. ఏ పత్రమును జేతబట్టునప్పుడైనను ‘ఇది దేనికి సమానము? ఎవరిచే గుర్తింపబడినది?’ అని రెండు ప్రశ్నలు వేయుడు.

చివర నొక మాట చెప్పకున్న నా వ్రాత యసంపూర్ణము. ఇంటిచదువనునది వేఱు, చదువు మాన్పించి యింట నుంచుట వేఱు. మొదటిదాని పేరు చెప్పి రెండవది జరుగు నిండ్లు లేకపోలేదు. ‘అమ్మాయి యింటనే చదువుకొనుచున్నది’ అని చుట్టములతో ననుచు, వేకువనుండి చీకటివఱకు బిడ్డచేత చంటివాని నెత్తించి, చాకిరి చేయించువా రున్నారు. రోజుకు నాలుగు గంటలు పుస్తకమునకు గేటాయింపనిచోట దానిని ఇంటిచదువనరాదు. ఇంటిచదువు నిజమా కాదా యని తెలిసికొనుట కొక చిన్న పరీక్ష గలదు. బిడ్డ పేరు ఏ పరీక్షకు నమోదైయున్నదని యడుగుడు. సమాధానము రానిచో సందేహింపుడు.

అట్టి బిడ్డకు చట్టమును దోడు గలదు. 2009 లో జేయబడి 2010 ఏప్రిలు 1 నుండి యమలైన విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలందఱికిని ఉచితవిద్య హక్కని చాటినది. బిడ్డను సమీపపు బడిలో జేర్చుట తల్లిదండ్రుల విధి యని యందు గలదు. ఇంటిచదువును గూర్చి యందు బ్రత్యేకముగా నేమియు లేదు. ఎన్నడును బడి మెట్టు ద్రొక్కని బిడ్డయైనను, నడుమ మానిన బిడ్డయైనను, వయస్సునకు దగిన తరగతిలోనే చేర్చుకొనవలయునని యా చట్టము విధించుచున్నది. వయస్సు తెల్పు పత్రము లేదని ప్రవేశము నిరాకరింపరాదు. కావున ఇంట చదువు సాగుటలేదని తల్లికి దోచినచో, పదునాలుగేండ్లలోపల నే దినముననైనను బిడ్డను బడికి దీసికొనిపోవచ్చును. అందుకు సిగ్గుపడ నక్కఱలేదు.

తల్లులారా! మన చేతిలో జేయదగిన పనులు నాలుగే. పదుమూడవయేట జనన ధ్రువపత్రమును సరిదిద్దించుడు. పదునాలుగు నిండగానే పరీక్షకు బేరు నమోదు చేయించుడు. పై చదువు దలచి విషయముల నెన్నుడు. నివాస, ఆదాయ పత్రములను, బిడ్డ పేరిటి ఖాతాను సిద్ధముగా నుంచుడు. వీనిలో నేదియు బండితుల పని కాదు. పాలలెక్క వ్రాసికొను తల్లి యీ లెక్కయు వ్రాసికొనగలదు. విద్యను మీ యింట మీరీయగలరు. దానికి విలువగట్టు ముద్ర మాత్రము బయటివారు వేయవలసియున్నది. ఆ ముద్రను వేళకు వేయించి, కళాశాల గడపలో దల యెత్తి నిలుచునట్లు మీ కొమార్తెను బంపుడు.